అద్దం మీద బొట్టు

వెలుగు చవితి

దినచర్య రాయడం దళపతి పని అని రూలు పెట్టినవాడెవడో గానీ, వాడు ఒక్కసారైనా చంద్రుడి మీద కాపలా కాసి ఉండడు. రాయడానికి ఇక్కడ ఏముంటుంది? పొద్దున్న సూట్లకు పట్టిన దుమ్ము దులిపాం. ఎంత దులిపినా పోదు, కాలిన టపాకాయ వాసన వేస్తుంది. బండి చక్రాలకు గ్రీజు పూసిన చేత్తోనే అప్పలకొండ గోంగూర తుంచబోతే, చెయ్యి కడుక్కు రమ్మని రత్నమ్మగారు రెండుసార్లు వెనక్కి పంపారు. ఈ వారం నీళ్ళు దాంతో సరి.

కొత్త దళపతి ఎవరైనా వచ్చి చదివితే తికమక పడకుండా మా సంగతి రాసి పెడతాను. నేను దాలినాయుడిని, ఇక్కడి పేటలన్నీ కలిసి పెట్టుకున్న పేటల సభ కాపలా దళానికి పెద్దని. అప్పలకొండ బండి తోలతాడు, వంట చేస్తాడు, నోరు మాత్రం మూయడు. మరో ఆరుగురు జవాన్లున్నారు, వాళ్ళ పేర్లు హాజరుపట్టీలో ఉంటాయి. ఇక రత్నమ్మగారు, అంటే నూకరత్నం గారు, మా న్యాయాధికారి. ఆయుధాల పెట్టెకు రెండు తాళాలు, ఒకటి నాది, ఒకటి ఆవిడది. చట్టం ఒప్పుకుందని ఆవిడకు నమ్మకం కుదిరితేనే రెండోది తిరుగుతుంది. నేను వచ్చిన దగ్గర్నుంచీ అది తిరగలేదు. ఆ పెట్టె మీద అప్పలకొండ అప్పడాలు ఆరబెడుతున్నాడు.

తారీఖుల సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ పదిహేను రోజులు ఎండ, పదిహేను రోజులు చీకటి. తిథులు దీనికి అతికినట్టు సరిపోయాయని మా తాతలు మురిసిపోయి అవే ఉంచేశారు. మేమూ ఉంచేశాం. రోజులో పొద్దూ రాత్రీ మాత్రం గడియారం చూసుకోవాల్సిందే.

వెలుగు షష్ఠి

కొలిమిపేట కింద వీధి దీపం పసుపురంగుకు మారింది. ఇక్కడ ప్రతి వీధికీ ఒక గాలి యంత్రం, దాని పైన బయటికి కనపడేలా ఒక దీపం. ఆకుపచ్చ అయితే గాలి నిండుగా ఉన్నట్టు, పసుపు అయితే సగమని, ఎరుపు అయితే ఇక చెప్పక్కర్లేదు. మేం కాపలా కాసేది ఈ పేట సరిహద్దులోనే. పైవీధి దీపం ఆకుపచ్చగానే వెలుగుతోంది.

పేట పెద్ద భూషణాన్ని రేడియోలో పిలిచాను. "యంత్రం రిపేరులో ఉంది నాయుడూ. ఇది మా ఇంటి సంగతి" అని పెట్టేశాడు. గనిలో గోడ కూలి మనుషులు పోయాక కింద వీధివాళ్ళు పనిలోకి దిగడం మానేశారని మాకు ముందే తెలుసు. పని మానేసిన వీధిలోనే యంత్రం పాడైందంటే చెవిలో పువ్వు పెట్టుకున్నవాడు కూడా నమ్మడు.

వెలుగు సప్తమి

ఆయుధం లేకుండా అయితే ఏ పేట గోడ దాకానైనా వెళ్ళి చూడవచ్చు. రత్నమ్మగారూ నేనూ కింద వీధి అద్దం దగ్గరికి వెళ్ళాం. బయట గాలి లేదు కాబట్టి కేక వేసినా వినపడదు. హెల్మెట్ అద్దానికి ఆనించి మాట్లాడితే లోపలి మాట లీలగా అందుతుంది.

లోపల సన్యాసమ్మ నిలబడి ఉంది. ఆవిడను మేమంతా ఎరుగుదుం. అరల్లో పసుపు పండించి, సున్నం కలిపి కుంకుమ చేసి పేటలన్నిటికీ అమ్ముతుంది. ఎప్పుడూ గలగలమనే మనిషి ఇవాళ రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"పన్లోకి దిగితేనే గాలంటన్నాడమ్మా భూషణం. దిగితే గోడ మీద పడతాది, దిగకపోతే ఊపిరాడదు. పిల్లల్ని కదలకుండా పడుకోబెట్టీసినాం. మా మావ ఊపిరందక రాత్రి ఎలిపోనాడు."

ఆవిడ వెనక నేల మీద వరసగా పిల్లలు పడుకుని ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నారు. 

స్థావరానికి రాగానే అప్పడాలు పక్కకు తోసి నా తాళం తిప్పాను. రత్నమ్మగారు మాత్రం కదలలేదు.

"తిప్పండమ్మా" అన్నాను.

"ఏ చట్టం కింద తిప్పమంటారు నాయుడుగారూ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లలు చస్తుంటే చట్టం ఏమిటండీ! ఇల్లు కాలుతుంటే బావి తవ్వుదామంటారా?"

"వాళ్ళు మన మీదికి రాలేదు. సభ పొమ్మనలేదు. పేట మనల్ని పిలవలేదు. ఈ మూడింట్లో ఒకటైనా లేకుండా ఆయుధంతో గడప దాటకూడదు. సభకు ఇప్పుడే కబురు పెడతాను."

అని వైర్‌లెస్ ముందు కూర్చున్నారు. పొద్దు గడిచినా లేవలేదు, అప్పలకొండ పెట్టిన అన్నం ముట్టలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి అని నేను పైకే అన్నాను. విని కూడా సభకు మళ్ళీ కబురు పంపారు.

వెలుగు అష్టమి

సభలో తీర్మానం పడిపోయింది. అక్కడ పెద్దపేటలు మూడు. అందులో ఏ ఒక్కరు చెయ్యి దించినా అంతే సంగతులు. కొలిమిపేట ఖనిజం కొనేది ఉక్కుపేట కాబట్టి ఉక్కుపేటవాళ్ళ చెయ్యి దిగిపోయింది. అది ఆ పేట అంతర్గత వ్యవహారమట!

అప్పలకొండ గరిటె విసిరికొట్టాడు. "అంతర్గతం అంటే ఏటండీ? లోపల సస్తే సావు గాదా?"

అప్పుడు రత్నమ్మగారు చెప్పారు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని సంగతి. ఆవిడది నీళ్ళపేట. ఆవిడ చిన్నప్పుడు అక్కడ జబ్బులొచ్చాయి. తమను సాయానికి రమ్మని రేడియోలో పిలిచారంటూ ఓ పెద్దపేట దళం తుపాకులతో దిగింది. పిలిచింది ఎవరో ఇప్పటికీ తెలియదు. ముందు మందులిచ్చారు. తరవాత నీళ్ళ గదికి కాపలా పెట్టారు. ఆ కాపలా మళ్ళీ తీయలేదు.

"మా అమ్మ వాళ్ళకు హారతిచ్చి లోపలికి రానిచ్చింది. ఆరు నెలలు తిరగకుండా మా మంచినీళ్ళకు మేమే వరసలో నిలబడ్డాం" అన్నారావిడ. "అందుకే ఈ రూలు పుట్టింది. పిలుపు రేడియోలో చెల్లదు. పేట తరఫున మనిషి ఎదురుగా వచ్చి, బొట్టు పెట్టి పిలవాలి. అలా పిలవకుండా వెళ్తే పిలవని పేరంటమే. దాన్ని దండయాత్ర అంటారు."

నా కోపం తగ్గలేదు. కానీ ఆవిడకు భయమేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ, భయం కాదని తెలిసింది.

వెలుగు నవమి

మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళాం. సన్యాసమ్మ గోడ పట్టుకుని నిలబడింది. మాట్లాడే ఓపిక లేదు. రత్నమ్మగారు వినడానికి హెల్మెట్ అద్దానికి ఆనించారు. అప్పుడు సన్యాసమ్మ కొంగులోంచి భరిణె తీసింది. వేలితో కుంకుమ అద్ది, సరిగ్గా రత్నమ్మగారి నుదురు ఉన్నచోట అద్దానికి లోపలివైపు బొట్టు పెట్టింది. చేతులు జోడించింది.

"పిలిచింది! బొట్టు పెట్టి పిలిచిందండీ! ఎదురుగా నిలబడి పిలిచింది, ఇంకేం కావాలి?" అని హెల్మెట్లో అరిచాను. నా చెవులే గింగిర్లెత్తాయి.

రత్నమ్మగారు తల వెనక్కి తీశారు. బొట్టు అద్దం మీద ఉండిపోయింది. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. సూటులో తుడుచుకోవడానికి వీల్లేదు కదా.

"ఇది పిలుపు కాదు నాయుడుగారూ."

"ఏమిటీ?"

"ఆవిడ పిలిచింది, నిజమే. కానీ పేట పిలవలేదు. ఒక వీధి పిలిస్తే చాలని ఇవాళ నేనంటే, రేపు ఉక్కుపేటవాడు ఏ పేటలోనో ఒక మనిషికి భరిణె ఇచ్చి అద్దం దగ్గర నిలబెడతాడు. మా నీళ్ళపేట అలాగే పోయింది."

ఆవిడను ఆ క్షణంలో అక్కడే వదిలేసి పోదామనిపించింది. బండి దాకా వచ్చేసరికి కింద వీధి దీపం ఎర్రబడింది.

ఆ తరవాత ఆవిడ చేసింది రాయాలి. గాలి సిలిండర్లు నాలుగు తోపుడు బండి మీద వేసుకుని, తుపాకీ లేదు, తోడు లేదు, భూషణం ఉండే పైవీధి ద్వారం దగ్గరికి ఒంటరిగా నడిచి వెళ్ళారు. కనీసం ఇవైనా లోపలికి ఇవ్వనివ్వమని అడిగారు. భూషణం తలుపు తీయలేదు సరికదా, మైకులో నవ్వాడు. "మీ చట్టం మీకు అడ్డం గదమ్మా, నాకెందుకు బెంగ" అన్నాడు. ఆవిడ సిలిండర్లు తోసుకుంటూ తిరిగి వచ్చారు.

వచ్చి, హెల్మెట్ తీసి, తిన్నగా ఈ దినచర్య పుస్తకం నా చేతిలోంచి లాక్కుని రాశారు. కింది నాలుగు వాక్యాలు ఆవిడ దస్తూరీ.

"సభ ఒప్పుకోలేదు. పేట పిలవలేదు. ఇప్పుడు మేం చేయబోయేది చట్టవిరుద్ధం. తెలిసి తెరుస్తున్నాను, బాధ్యత నాది. – నూకరత్నం."

తన తాళం తిప్పారు. అప్పలకొండ అప్పడాలు ఎత్తి అటక మీద పెట్టాడు. పెట్టె మూత కిర్రుమంది, నూనె వేసి ఎన్నాళ్ళయిందో.

"మూడు షరతులు" అన్నారావిడ. "కింద వీధి దాటి ఒక్క అడుగు వెయ్యకూడదు. ఏదీ తీసుకోకూడదు, ఎవరినీ బంధించకూడదు. గాలి నడిచాక బయటికి వచ్చెయ్యాలి."

"భూషణాన్నో?"

"భూషణాన్ని కూడా."

వెలుగు దశమి

కింద వీధికి సరుకుల ద్వారం ఒకటుంది. గాలి బయటికి పోకుండా బండి వెనకున్న గొట్టం లాంటి నోరు దానికి ఆనించి బిగించి, బయటి తలుపు తాళం కోసేశాం. లోపలి తలుపు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు మమ్మల్ని చూసి కొయ్యబారిపోయారు. ఒక్క ఉరుకులో లోపలికి వెళ్ళిపోవాల్సింది. కానీ మా దళం ఆగిపోయింది! ఆ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టి ఉన్నాయి. చేతిలో తుపాకీలు పెట్టుకుని, ఒకడి వెనక ఒకడు, గడప తొక్కకుండా కాలెత్తి దాటుతున్నారు నా వీరులు. ఈలోగా కాపలావాళ్ళు తేరుకుని తలుపు మూసేశారు. అప్పలకొండ కాలు మధ్యలో ఇరుక్కుంది.

"ఓలమ్మో! తొక్కినా బాగుణ్ణు!" అని వాడు గావుకేక పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఆ కాలు వల్లనే తలుపు పూర్తిగా పడలేదు. నేనూ మరో ఇద్దరూ భుజాలు పెట్టి తోసేశాం. ఆ తోపులో ఒక కాపలావాడి చెయ్యి విరిగింది. అతని పేరు రాసుకోమని రత్నమ్మగారు అక్కడికక్కడే చెప్పారు. అతని పేరు గవరయ్య.

గాలి యంత్రానికి ఏ రిపేరూ లేదు. మీట కిందికి దించి గొలుసు వేశారు, అంతే. గొలుసు తెంచాం. యంత్రం గుర్రుమంది. పిల్లలు ఒకరొకరే లేచి కూర్చున్నారు. ఒక పిల్ల లేస్తూనే ఆకలన్నది, ఆ మాట వింటే ప్రాణం లేచి వచ్చింది. ముగ్గురు పెద్దవాళ్ళు మాత్రం మళ్ళీ లేవలేదు. మేం నిన్న వస్తే వాళ్ళలో ఒకరైనా దక్కేవారేమో. ఈ మాట రత్నమ్మగారే అన్నారు, నేను అనలేదు.

చెయ్యి విరిగిన గవరయ్య ఆ ముగ్గురినీ చూశాడు. "రిపేరని సెప్పినాడు మాకు" అని గోడకు ఆనుకుని ఏడ్చాడు. రెండో కాపలావాడు తుపాకీ కింద పెట్టి పైవీధికి పరిగెత్తాడు, మాకు భయపడి కాదు, అక్కడివాళ్ళకు చెప్పడానికి.

వెలుగు ఏకాదశి

పైవీధి జనం పొద్దున్నకల్లా దిగి వచ్చారు. దుప్పట్లు తెచ్చారు, అంబలి తెచ్చారు, పోయినవాళ్ళను మోయడానికి భుజాలిచ్చారు. సాయంత్రానికి పేటంతా ఒకచోట కూర్చుని భూషణాన్ని దించేసింది. అది వాళ్ళ పని. మేం ద్వారం దగ్గరే నిలబడి ఉన్నాం.

నాకు మాత్రం చేతులు దురద పెడుతున్నాయి. భూషణాన్ని బండికి కట్టి ఈడ్చుకెళ్ళాలని ఉంది. కింద వీధివాళ్ళు కూడా మమ్మల్ని వదలడం లేదు. "ఇక్కడే ఉండిపోండమ్మా, కాపలా ఉండండి. మీరెలిపోతే మళ్ళీ ఎవడొస్తాడో" అని సన్యాసమ్మ రత్నమ్మగారి చెయ్యి పట్టుకుంది.

"ఉండకూడదు తల్లీ. మా అమ్మ కూడా ఇలాగే ఉండమంది" అన్నారావిడ. ఇంకేం వివరించలేదు. చెయ్యి విడిపించుకుని, జవాన్లను ఒక్కొక్కరినే లెక్కపెట్టి బండి ఎక్కించి, తను చివర ఎక్కారు. దారిలో తుపాకులు పెట్టెలో పెట్టించి తాళం వేశారు.

అన్నీ గెలిచినవాడు అక్కడ నిలబడకుండా రావడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడను చూసి గర్వపడ్డాను. ఆ మాట ఆవిడతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

చీకటి తదియ

ఇవాళ సభలో విచారణ. నేరం తనదేనని ఆవిడ ముందే కాగితం పంపారు. నాదీ ఒక తాళం ఉందని నేను లేచి నిలబడితే, "రెండో తాళం తిరగకపోతే మొదటిది ఇనపముక్క. కూర్చోండి" అని గదమాయించారు. కూర్చున్నాను.

చిత్రమేమిటంటే, ఆవిడను శిక్షించాలని అక్కడ ఎవరికీ లేదు. అందరికన్నా తియ్యగా మాట్లాడింది ఉక్కుపేట ప్రతినిధి. "ఆ తల్లి అద్దం మీద బొట్టు పెట్టిందంటే అది పిలుపే! అలాగని చట్టం రాసేద్దాం. కష్టంలో ఉన్న మనిషి ఒక్కరు పిలిచినా చాలు, వెళ్ళవచ్చునని రాద్దాం. నూకరత్నం గారికి సన్మానం చేద్దాం" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

రత్నమ్మగారు లేచారు. "నాకు సన్మానం వద్దు, శిక్ష వెయ్యండి" అన్నారు.

ఉక్కుపేట ప్రతినిధి వైపు తిరిగారు.

"ఇల్లు తగలబడుతుంటే తలుపు పగలగొట్టాను. మళ్ళీ అలాంటి ఇల్లు కనపడితే మళ్ళీ పగలగొడతాను. కానీ తలుపు పగలగొట్టడం తప్పు కాదని మాత్రం రాయకండి. అలా రాస్తే నిప్పు లేని ఇళ్ళలో కూడా కొందరికి పొగ కనపడుతుంది. మొన్న చెయ్యి దించినవారికి ఇవాళ ఇంత జాలి ఎందుకొచ్చిందో ఆలోచించండి. శిక్ష పడుతుందని తెలిసి కూడా ఆగలేనివాడే ఆ తలుపు పగలగొట్టాలి. వాడికి శిక్ష వెయ్యాలి. వేశాక కావాలంటే దణ్ణం పెట్టండి."

ఉక్కుపేటాయన మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. చిన్నపేటల వాళ్ళు ముందు గొణుక్కున్నారు, తరవాత ఒకరొకరే లేచారు. నీళ్ళపేట నుంచి వచ్చిన ముసలాయన లేచి నిలబడి తీర్పు అయ్యేదాకా కూర్చోలేదు.

చట్టం మారలేదు. తీర్పు ఇది: నూకరత్నం చేసింది తప్పు. ఇకపై ఆవిడ ఆయుధం తాళం ముట్టకూడదు. ఈ సంగతిని చూపించి ఏ పేటా ఇంకో పేటలోకి వెళ్ళకూడదు. విరిచిన ద్వారాన్ని ఆవిడే, గడప ఇవతల నిలబడి, చేతులారా బాగుచేసి ఇవ్వాలి.

తీర్పు చదివి సభాధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి లేచి నిలబడి ఆవిడకు దణ్ణం పెట్టాడు. శిక్ష వేశాక దణ్ణం పెట్టమన్న ఆవిడ మాట ఆయన పాటించాడు మరి.

చీకటి ద్వాదశి

ఆవిడ తాళం పేటల సభకు పంపేశాం. కొత్త న్యాయాధికారి వచ్చేదాకా పెట్టె తెరిచే ప్రసక్తే లేదు. దాని మీద మళ్ళీ అప్పడాలు. అప్పలకొండ ఒంటికాలి మీద గెంతుతూ ఆరబెడుతున్నాడు, రెండోకాలు కట్టులో ఉంది.

రోజూ బండిలో ఆవిడను కొలిమిపేట సరుకుల ద్వారానికి తీసుకెళ్తున్నాను. చీకటి పక్షం కదా, చలికి పనిముట్లు చేతికి అంటుకుపోతాయి. బండి నోట్లో కూర్చుని, దీపం పెట్టుకుని, తలుపు బందులు బిగిస్తారు. న్యాయశాస్త్రం చదివిన చేతులు కదా, మొదట్లో మరలన్నీ తలకిందులుగా ఎక్కించారు. నేను సాయం చేస్తానంటే ఒప్పుకోరు. తీర్పులో నా పేరు లేదట.

వెలుగు విదియ

చివరి మర ఇవాళ బిగించారు. తలుపు మూసి చూశారు, తెరిచి చూశారు. మళ్ళీ మూశారు. గడపకు రాసిన పసుపు మా బూట్లకు రాసుకుని చెరిగిపోయి ఉంటే, జేబులోంచి పొట్లం తీసి కొత్తగా రాశారు.

"పని అయిపోయింది నాయుడుగారూ. పోదాం" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ తలుపును చూసిన చూపు నాకు నచ్చలేదు. అందరికోసం ఆ గడప దాటిన మనిషి ఇక ఆ గడపకు ఇవతలే ఉండాలి. నాకు చాలా బాధేసింది.

మేం వెనక్కి తిరిగాం. వెనక తలుపు చప్పుడైంది.

లోపలి నుంచి తీసింది సన్యాసమ్మ. పట్టుచీర కట్టుకుంది. ఆవిడ వెనక కింద వీధి ఆడవాళ్ళున్నారు, పైవీధి ఆడవాళ్ళున్నారు, పేట కొత్త పెద్ద ఉన్నాడు, చేతికి కట్టుతో గవరయ్య ఉన్నాడు. నేల మీద పడుకున్న ఆ పిల్లలంతా ఒకరినొకరు తోసుకుంటూ అరుస్తున్నారు. ఎవరూ వాళ్ళను ఊరుకోమనడం లేదు.

సన్యాసమ్మ గడప దాటి ఇవతలికి వచ్చింది. భరిణె తీసి, ఈసారి అద్దానికి కాదు, రత్నమ్మగారి నుదుటికి బొట్టు పెట్టింది.

"మా పోయినోళ్ళ పేరు సెప్పి నలుగురికీ అన్నం పెడతన్నాం. పేటంతా ఒక మాట మీద పిలస్తన్నాది. రాండమ్మా."

"నేను మీ తలుపు విరిచిన మనిషిని" అన్నారు రత్నమ్మగారు.

"అది మాకు తెల్దేటమ్మా! ఆ యాల తలుపు ఇరిసి మా కోసం వొచ్చినారు. ఈ యాల తలుపు తీసి మీ కోసం మావొచ్చినాం."

రత్నమ్మగారు ఒట్టి చేతులు ఒకసారి చూసుకున్నారు. మరల నూనె తప్ప వాటిలో ఏమీ లేదు. కుడికాలు ఎత్తారు.

"గడప తొక్కకండమ్మోయ్!" అని బండిలోంచి అప్పలకొండ కేక పెట్టాడు.

ఆవిడ తొక్కకుండానే దాటారు.